తోడు మనకు గావాలె, తాబేలుకు గాదు

జర పెద్ద పోస్టు. సెలవు రోజు తీరిగ్గ చదువుండ్రి. కొందరికి కోపం రావచ్చు. వచ్చినా పర్వాలేదు, పూర్తిగ చదివినంక తిట్టుండ్రి.

మొన్న మా క్యాంపుల పక్క రూం తమ్ముడు ఒకడు చిన్న తాబేలు పిల్లను తెచ్చిండు. ప్లాస్టిక్ డబ్బా, దాంట్ల ఒక ప్లాస్టిక్ ఈతచెట్టు, రెండు వేళ్ల లోతు నీళ్లు. వాళ్ల రూంల ముందే ఒక పెద్ద తాబేలు ఉంది, బట్టలు నానబెట్టే టబ్బుల పెట్టుకున్నరు. తెచ్చుడు తెచ్చుడే పిల్లను తీసి పెద్దదాని టబ్బుల వేసిండు. అది పోయి పెద్దదాని వీపు మీద ఎక్కింది. ఎనిమిది మంది చుట్టూ నిలబడి ఫోన్లు తీసిండ్రు. "చూడన్నా, తల్లీ పిల్లల లెక్క ఎట్లున్నయో" అని నాకు కూడ చూపిచ్చిండు. నేను వెంటనే ఆ పిల్లను తీసి వేరే బకెట్ల వేసిన. తమ్మునికి కోపమొచ్చింది. "నీకేం పనన్నా, పైసలు నావి, తాబేలు నాది" అన్నడు.

తమ్మీ, నాకు పనుంది. ఎందుకంటే నువ్వు చేసిన పని నేను నాలుగేండ్ల కింద చేసిన. ఆ కథ సిగ్గు ఇడిసి చెప్తున్న, వినుండ్రి.

నేను షార్జాల బిల్డింగ్ మెయింటెనెన్స్ పని చేస్త. ఒక ఫ్యామిలీ దేశం ఇడిసి పోతూ వాళ్ల తాబేలును నాకు ఇచ్చిపోయిండ్రు. చెవి కాడ ఎర్ర గీత ఉంటది చూడు, ఆ రకం. ఇక్కడ ఏ షాపుల చూసినా అదే ఉంటది. మన అన్నం ప్లేటంత ఉండె. దాని పేరు పెద్దమ్మి అని పెట్టుకున్న. రోజూ వీడియో కాల్ల నా బిడ్డకు చూపిస్తుంటి. అప్పుడు దానికి ఆరేండ్లు. ఒక రోజు అడిగింది, "డాడీ, అది ఒక్కతే ఉంటదా? దానికి భయం గాదా?" అని. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో ఇది చదివే మీకందరికీ తెలుసు, నేను చెప్పనక్కరలేదు.

మరుసటి సెలవు రోజు మార్కెట్‌కు పోయి 25 దిర్హాములు పెట్టి ఒక పిల్లను తెచ్చిన. రూపాయి బిళ్ల కంటే జర పెద్దగ ఉండె. షాపాయన ఏమన్నడంటే, "ఇది ఇంతే ఉంటది, పెరగదు, రెండూ కలిసి ఉంటయి, ఈ ఎండు రొయ్యల డబ్బా ఒక్కటి తీస్కపో, చాలు" అన్నడు. మూడు మాటలు. మూడూ అబద్ధాలే. నేను మూడూ నమ్మిన. నా బిడ్డ దానికి బుడ్డోడు అని పేరు పెట్టింది.

బుడ్డోడు నా దగ్గర ఏడు వారాలు బతికిండు.

మొదటి వారం మంచిగనే అనిపిచ్చింది. పెద్దమ్మి వీపు మీద ఎక్కి కూసునేది. మేము ముద్దుగ ఉందని అనుకున్నం. ఇప్పుడు తెలుస్తున్నది, అది ముద్దు గాదు, దానికి ఎక్కనీకి వేరే జాగ లేదు. టబ్బుల ఆరిపోయిన జాగ అంటే పెద్దమ్మి వీపు ఒక్కటే. రెండో వారం నుంచి మూలకు పోయి కూసునుడు మొదలుపెట్టింది. మేత వేస్తే రాదు. పడుకుంటున్నదేమో అనుకున్న. నాలుగో వారం చూస్తే తోక కొన లేదు. వెనక కాలు గోళ్ల కాడ రక్తం. ఎక్కడన్న గీరుకపోయిందేమో అనుకున్న. ఆరో వారం కండ్లు వాచి మూసుకపోయినయి. ఏడో వారం నైట్ డ్యూటీ నుంచి వచ్చి చూస్తే నీళ్ల మీద తేలుతున్నది.

ఇంట్ల చెప్పలేదు. మూడు నెలలు నా బిడ్డకు పాత వీడియోలు పంపిన. "బుడ్డోడు ఏడి డాడీ" అంటే "నిద్ర పోతున్నడు" అన్న. మీరు నవ్వుతరేమో. తాబేలు పిల్ల గురించి మూడు నెలలు అబద్ధమాడిన తండ్రిని నేను.

అందుకే చెప్తున్న. చిన్న తాబేలును పెద్దదాని టబ్బుల వేసుడు ప్రేమ గాదు. అది చిన్నదాన్ని మెల్లగ చంపుడు. మనం చంపుతున్నమని మనకు తెలువది, అంతే తేడా.

ఇగ మనోళ్లు చెప్పే మాటలకు ఒక్కొక్కదానికి జవాబు చెప్త.

"పెద్దది చిన్నదాన్ని తల్లి లెక్క చూసుకుంటది" అంటరు. తాబేలు జాతిల తల్లి అట్ల చూసుకోదు. తల్లి గట్టు మీద మట్టిల గుంత తవ్వి గుడ్లు పెట్టి మూసి పోతది. మళ్ల తిరిగి రాదు. పిల్ల దాని మానాన అదే బయటికొస్తది, దాని మానాన అదే నీళ్లకు పోతది, తల్లి మొకం ఎన్నడూ చూడదు. అట్ల పుట్టిన జీవికి తోడు లేదని బెంగ ఉంటదా? బెంగ మనది. పెండ్లాం పిల్లల్ని ఇడిసి వచ్చింది మనం. పండక్కు ఒక్కళ్లం కూసునేది మనం. మన బెంగను తీసి తాబేలు నెత్తి మీద పెడుతున్నం.

"ఊళ్లె చెరువుల అన్నీ కలిసే ఉంటయి గదా" అంటరు. ఉంటయి. చెరువు ఎంత, నీ టబ్బు ఎంత? చెరువుల పిల్లకు నాచు ఉంటది, తుంగ ఉంటది, దాక్కునే సందులుంటయి. పెద్దది వస్తే పారిపోతది. అట్ల పారిపోయినా చెరువుల పుట్టిన పిల్లల్ల శానా మటుకు పెద్దగ కాకముందే పోతయి. నీ టబ్బుల పారిపోయే జాగ ఏడుంది? గుండ్రంగ తిరిగితే మళ్ల పెద్దదాని నోటి ముందటికే వస్తది. పెద్దదానికి పగ గాదు, కోపం గాదు. నీళ్లల్ల చిన్నగ కదిలేది ఏదైనా దానికి మేత లెక్కనే కనపడుతది. పిల్ల తోక కదిలినా, కాలు కదిలినా నోరు వేస్తది. తప్పు దానిది గాదు, దాని ముందల వేసినోనిది.

"నా దగ్గర ఏడాది సంది కలిసే ఉన్నయి, ఏం కాలేదు" అంటరు. జర దగ్గరికి పోయి చూడు అన్నా. చిన్నది ఏడాదిల ఎంత పెరిగింది? మేత వేసినప్పుడు ముందల ఎవరొస్తున్నరు? మన మెస్ సంగతి తెల్వదా? ఎనిమిది మందికి వండుతరు. లేట్ షిఫ్ట్ పోరడు పదకొండింటికి వచ్చి గిన్నె మూత తీస్తే అడుగున మాడింది ఉంటది. వాడు అడగడు, కొత్తోడు గదా. ఉన్నది తిని పండుకుంటడు. బయటికి అందరూ కలిసే ఉన్నట్టు కనపడుతది. మనలో ప్రతి ఒక్కడు మొదటి ఏడాది ఆ పోరడే. ఆకలి సంగతి తెలిసినోళ్లం మనమే ఇట్ల చేస్తే ఎట్ల?

"తాబేలు ఇంట్ల ఉంటే లక్ష్మి" అంటరు. వేలికి తాబేలు ఉంగరం పెట్టుకున్నోళ్లు మా క్యాంపుల మస్తు మంది ఉన్నరు. నేను మీ నమ్మకాన్ని ఏమీ అనను. కూర్మావతారం అని మొక్కేది మనమే. మొక్కే దేవుని రూపాన్ని బట్టలు నానేసే టబ్బుల, సబ్బు నురుగు వాసనల, మాడిన అన్నం వేసి ఉంచుతమా? లక్ష్మి గావాలంటే ఉంగరం చాలు. ప్రాణమున్నదాన్ని తేకుండ్రి.

"25 దిర్హాములే గదా, పోతే పోయింది" అంటరు. ఈ మాటకు నాకు అన్నింటికంటే ఎక్కువ కోపమొస్తది. మనల్ని గూడ ఇక్కడ కొందరు అట్లనే అంటరు. "ఈడు పోతే ఇంకొకడు వస్తడు" అని. ఆ మాట విని రాత్రి నిద్ర పట్టనోళ్లం మనం. అదే మాట మన నోట్లకెళ్లి ఒక చిన్న జీవి మీద రావచ్చునా?

ఇంకో లెక్క చెప్త. మన వీసా రెండేండ్లు. ఈ తాబేలు మంచిగ చూసుకుంటే ఇరవై, ముప్పై ఏండ్లు బతుకుతది. ఇప్పుడు ఒక అంగుళం ఉన్నది, ఆడదైతే పది, పన్నెండు అంగుళాలు అయితది. కంపెనీ మారితే? క్యాంపు మారిస్తే? క్యాన్సిల్ చేసి టికెట్ చేతుల పెడితే? 2024ల ఆమ్నెస్టీ వచ్చినప్పుడు మా దిక్కు ఒకాయన పదేండ్ల తర్వాత ఇంటికి పోయే తొందరల తాబేలును తీస్కపోయి పార్కు నీళ్లల్ల ఇడిసిపెట్టిండు. పుణ్యమొచ్చిందనుకున్నడు. ఈ ఎర్ర చెవి తాబేలు ఈ నేలది గాదు, మన దేశానిది గాదు, అమెరికాది. ఏ నీళ్లల్ల ఇడిసినా అక్కడి జీవాల మేత, జాగ గుంజుకుంటది. ప్రపంచంల అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే వంద పరాయి జాతుల లిస్టుల దీని పేరు ఉంది. యూరప్ వాళ్లు 1997లనే దీని దిగుమతి ఆపేసిండ్రు. అందుకే ఇక్కడ ఇడవకుండ్రి. బ్యాగుల దాచుకొని ఊరికి తీస్కపోయి మన చెరువుల అసలే ఇడవకుండ్రి. ఎయిర్‌పోర్టుల పట్టుకుంటే కేసు, పట్టుకోకపోతే చెరువుకు చేటు.

రూంల ఉండేటోళ్ల ఆరోగ్యం సంగతి గూడ ఉంది. తాబేలు ఒంటి మీద, దాని నీళ్లల్ల సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటది. తాబేలుకు ఏం గాదు, మనకు వాంతులు, విరేచనాలు, జ్వరం. చిన్న పిల్లలకు ప్రాణం మీదికొస్తది. అమెరికాల 1975లనే నాలుగు అంగుళాల లోపు తాబేలు పిల్లల్ని అమ్ముడు బంద్ చేసిండ్రు. ఎందుకంటే చిన్న పిల్లలు వాటిని నోట్ల పెట్టుకుంటుండ్రి. మనమేమో ఎనిమిది మంది వండుకునే సింకుల తాబేలు టబ్బు కడుగుతున్నం. అదే సింకుల బియ్యం కడుగుతున్నం.

సరే, ఇదంతా కొనకముందు చెప్పే మాట. ఇప్పటికే రెండూ తెచ్చుకున్నోళ్లు ఉన్నరు. వాళ్లను తిట్టి లాభం లేదు. తెచ్చుకున్నరు కాబట్టి ఇట్ల చేయుండ్రి. ఇవన్నీ నేను బుడ్డోడు పోయినంక నేర్చుకున్నయి. జంతువుల డాక్టర్ దగ్గర పనిచేసే మనోడు ఒకడు ఓపికగ చెప్పిండు.

1. ఈ రోజే రెండింటినీ వేరు చేయుండ్రి. మధ్యల అడ్డం పెడితే చాలదు, నీళ్లు వేరు, టబ్బు వేరు ఉండాలె. కొత్తగ వచ్చినదాని రోగం పాతదానికి అంటుకోవచ్చు, పాతదాని రోగం కొత్తదానికి. చిన్నది పెరిగి పెద్దదాని సైజుకు దగ్గర వచ్చేదాక కలిపే మాట ఎత్తకుండ్రి. అప్పుడు గూడ ఒక్కొక్కసారి కొట్లాడుతయి. ఒంటరిగ ఉంటే దానికి ఏ నష్టం లేదు.

2. చిన్నదానికి మేత రోజూ. దాని తలకాయ ఎంత ఉంటదో అంత, ఎక్కువ వద్దు. తాబేలు కోసం చేసిన గుళికలు అసలు మేత. పిల్లప్పుడు దానికి మాంసం జాతి మేత ఎక్కువ గావాలె, పురుగులు, ఉప్పు కారం లేని చేప ముక్క చిన్నగ చేసి వేయచ్చు. పెద్దదానికి రోజు తప్పించి రోజు గుళికలు, మిగతాది ఆకు కూర. పెరిగినకొద్ది ఆకే ఎక్కువ తినాలె. ఇక్కడ జర్జీర్ కట్ట అగ్గువకే దొరుకుతది, రోమన్ లెట్యూస్ ఆకు దొరుకుతది, అవి వేయుండ్రి. పాలకూర మాత్రం రోజూ వద్దు, ఒంట్లకు సున్నం పట్టనియ్యదు.

3. అన్నం వద్దు. ఖుబ్బూస్ వద్దు. బిర్యానీల చికెన్ ముక్క వద్దు. పాలు, బ్రెడ్డు వద్దు. షాపోడు ఇచ్చే ఎండు రొయ్యల డబ్బా ఎప్పుడన్న ఒకసారి మిఠాయి లెక్క, అదే తిండి అనుకుంటే కండ్లు వాస్తయి, డొప్ప మెత్తవడుతది. మా బుడ్డోనికి అదే అయింది. టబ్బుల ఒక సముద్రపు నురుగు ముక్క వేయుండ్రి, పక్షుల పంజరాలకు కట్టేది, షాపుల దొరుకుతది. కొరుక్కుంటది, సున్నం అందుతది.

4. ఇది నీళ్లల్లనే మింగుతది, బయట పెడితే తినలేదు. మేతకు వేరే చిన్న గిన్నె నీళ్లు పెట్టుకుంటే టబ్బు నీళ్లు ఖరాబు గావు. పది, పదిహేను నిమిషాలు చూసి మిగిలింది తీసేయుండ్రి.

5. ఇక్కడి నీళ్ల సంగతి. జూన్ నుంచి సెప్టెంబర్ దాక నల్లా తిప్పితే పైన ట్యాంకిల మరిగిన నీళ్లు వస్తయి. మనకే స్నానం చేయరాదు. ఆ నీళ్లు చక్కగ పట్టి పిల్ల మీద పోస్తే అది ఉడుకుతది. రాత్రే బకెట్ నింపి రూంల పెట్టుకోండ్రి, తెల్లారేసరికి చల్లబడుతది, క్లోరిన్ గూడ పోతది. నీళ్లు 25, 26 డిగ్రీలు ఉంటే మంచిది.

6. ఏసీ సంగతి. మనం ఎండల పని చేసి వచ్చి ఏసీ 18ల పెడుతం. మన ఒంట్ల వేడి ఉంటది కాబట్టి దుప్పటి కప్పుకుంటం. తాబేలు ఒంట్ల సొంత వేడి ఉండదు. చల్లగైతే తిన్నది అరగదు, ముక్కుకెళ్లి బుడగలొస్తయి, ఒక పక్కకు ఒరిగి ఈదుతది. చిన్నది ఇంకా తొందరగ చల్లబడుతది. ఏసీ గాలి తగలని జాగల పెట్టాలె, ఒక ఎండిన రాయి, దాని మీద బల్బు వేడి ఉండాలె. పైకెక్కి పూర్తిగ ఆరాలె.

7. ఎండ సంగతి. కిటికీ అద్దంలకెళ్లి వచ్చే ఎండ పనికి రాదు, డొప్పను గట్టిచేసే కిరణాలను అద్దం ఆపేస్తది. యూవీబీ బల్బు పెట్టాలె. చలికాలం పొద్దుగాల బాల్కనీల కాసేపు పెట్టచ్చు, సగం టబ్బుకు నీడ ఉండాలె, మీరు పక్కన్నే ఉండాలె. ఎండాకాలం వద్దే వద్దు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాక మనల్నే ఎండల పని చేయించొద్దని ఇక్కడ రూలుంది. పిడికిల పట్టే పిల్లకు ఆ ఎండల ఏం తట్టుకుంటది?

8. ముట్టుకున్న ప్రతిసారి సబ్బుతోని చేతులు కడుగుండ్రి. వంట సింకుల టబ్బు కడగకుండ్రి. ఆ నీళ్లు టాయిలెట్ల పోయుండ్రి.

ఇదంతా చూసి "ఇంత ఖర్చా, ఇంత కష్టమా" అంటరు. అవును. 25 దిర్హాముల పిల్లకు బల్బులు, టబ్బు, మేత అన్నీ కలిపి ఎన్నో రెట్లు అయితది. జబ్బు చేస్తే డాక్టర్ ఫీజు వేరే. అంత చేయలేమంటే తప్పు లేదు, మన జీతాలు మనకు తెలుసు. చేయలేమంటే కొనొద్దు, అంతే. ఇప్పటికే ఉండి చూసుకోలేకపోతే నీళ్లల్ల ఇడవకుండా, జాగ ఉన్నోళ్లకు అడిగి ఇయ్యుండ్రి. విల్లాలల్ల తోట పని చేసే మనోళ్లున్నరు, జంతువుల క్లినిక్‌లల్ల పనిచేసేటోళ్లున్నరు, నలుగురిని అడిగితే దారి దొరుకుతది.

పెద్దమ్మి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఒక్కతే ఉంది. మంచిగ తింటది, రాయి ఎక్కి కాళ్లు చాపుకొని పండుకుంటది. నాలుగేండ్లల్ల అది తోడు లేదని ఒక్క పూట మేత మానలేదు.

పోయినసారి లీవుల ఇంటికి పోయినప్పుడు బిడ్డకు నిజం చెప్పిన. ఏడుస్తదేమో అనుకున్న. ఏడ్వలేదు. "నేను అడిగిన అని తెచ్చినవా డాడీ?" అన్నది. నాకు నోట మాట రాలేదు.

నా బిడ్డ అడిగింది తాబేలుకు తోడు గురించి గాదు అన్నలారా. నేను ఒక్కన్నే ఎట్లుంటున్న అని అడిగింది. ఆ జవాబు 25 దిర్హాములకు మార్కెట్ల దొరకదు. డ్యూటీ అయినంక పది నిమిషాలు ఎక్కువ ఫోన్ మాట్లాడుండ్రి. పక్క బెడ్డు మీద కొత్తగ వచ్చిన పోరన్ని "తిన్నవా" అని అడుగుండ్రి. లేట్ షిఫ్ట్ వానికి గిన్నెల అన్నం తీసి పెట్టుండ్రి.

పక్క రూం తమ్మీ, నీ మీద కోపం లేదు. నీ పిల్ల నా బకెట్లనే ఉంది, మంచిగ తింటున్నది. వేరే టబ్బు తెచ్చుకొని వచ్చి తీస్కపో. బల్బు పైసలు తక్కువైతే నేను సగం ఇస్త.